మూడో గ్రేడ్ పాపకు మ్యాప్ గ్రోత్ గణితం స్కోరు జనవరిలో తగ్గింది: దీన్ని ఎంతవరకు పట్టించుకోవాలి?

అరోరా అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము షికాగో శివార్లలో ఉంటున్నాం. మా పాప మూడో గ్రేడ్ చదువుతోంది. వాళ్ల బడిలో ఏడాదికి మూడుసార్లు, అంటే ఫాల్ (ఏడాది మొదట్లో), వింటర్ (మధ్యలో), స్ప్రింగ్ (చివర్లో) విడతల్లో, మ్యాప్ గ్రోత్ అనే పరీక్షను కంప్యూటర్ మీద పెడతారు. 2024 సెప్టెంబరులో పాపకు గణితంలో 203 వచ్చింది, పర్సెంటైల్ 86, అంటే వందలో 86 మంది తోటి పిల్లల కంటే పైన ఉందని రిపోర్టులో వేశారు. మొన్న జనవరిలో మళ్లీ పెడితే 201 వచ్చింది, పర్సెంటైల్ 64కి దిగిపోయింది. రీడింగ్‌లో మాత్రం 191 నుంచి 198కి పెరిగింది.

స్కోరు రెండే పాయింట్లు తగ్గితే పర్సెంటైల్ ఏకంగా ఇరవై రెండు ఎలా తగ్గుతుందో నాకు అంతుపట్టలేదు. దానికి తోడు రిపోర్టులో అంచనా వృద్ధి అని ఒక గడి ఉంది, పాప దాన్ని అందుకోలేదని అందులో గుర్తు పెట్టారు. ఇంట్లో చూస్తే పాపకు పన్నెండో ఎక్కం వరకు నోటికి వచ్చు, హోంవర్కులో తప్పులు అరుదు. క్లాస్ టీచరుకు మెయిల్ పెడితే, కంగారు పడవలసింది ఏమీ లేదని, స్ప్రింగ్ పరీక్ష వరకు చూద్దామని రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. మావారు ఈ వారమే ట్యూషన్‌లో చేర్పిద్దామంటున్నారు. ఊళ్లో మా అత్తగారి దాకా విషయం వెళ్లి, పాప లెక్కల్లో వెనకబడిందట కదా అని ఆవిడ ఫోన్ చేసి అడిగారు.

ఈ పరీక్ష అసలు దేన్ని కొలుస్తుంది, ఈ తగ్గుదల నిజమైనదేనా, ట్యూషన్ వల్ల ప్రయోజనం ఉంటుందా అన్నవి తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా?

లెక్కల టీచరు, ఒహాయో

అమ్మా, నేను ఇక్కడ మిడిల్ స్కూల్లో గణితం చెబుతాను. మా బడిలోనూ ఇదే పరీక్ష పెడతాం కాబట్టి ఆ రిపోర్టులు నాకు బాగా అలవాటే. మీరు అడిగినవాటిలో పర్సెంటైల్ సంగతి తేలికగా తేలిపోతుంది, ముందు అది చెబుతాను.

ఈ పరీక్షను తయారుచేసే ఎన్‌డబ్ల్యూఈఏ సంస్థ దేశవ్యాప్తంగా పిల్లల స్కోర్ల నుంచి సగటులు లెక్కగట్టి ప్రకటిస్తుంది. 2020లో ప్రకటించిన పట్టికల ప్రకారం మూడో గ్రేడ్ పిల్లల గణితం సగటు ఏడాది మొదట్లో సుమారు 188.5, జనవరి నాటికి 196.2, ఏడాది చివరికి 201. అంటే సెప్టెంబరు నుంచి జనవరి లోపల తోటి పిల్లలందరూ సగటున ఏడెనిమిది పాయింట్లు ముందుకు జరిగారు, మీ పాప మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. పర్సెంటైల్ చెప్పేది తోటివారి వరుసలో పాప ఎక్కడుందో అంతే కాబట్టి, వరుస మొత్తం కదిలినప్పుడు కదలనివారి స్థానం దిగుతుంది. పైగా ఎక్కువమంది పిల్లలు సగటుకు దగ్గర్లోనే గుమిగూడి ఉంటారు, అందువల్ల అక్కడ ఒక్కొక్క పాయింటూ రెండు మూడు పర్సెంటైళ్లను కదిలిస్తుంది. పాప తనకు వచ్చిన లెక్కలు మరిచిపోయిందని ఆ 64 చెప్పడం లేదు.

ఇక 203, 201 అనే అంకెల సంగతి. వీటిని రిట్ స్కోర్లంటారు, రిట్ అంటే రాష్ యూనిట్. డెన్మార్క్‌లో బడిపిల్లల చదివే సామర్థ్యాన్ని కొలవడానికి కసరత్తు చేసిన జార్జ్ రాష్ అనే గణితవేత్త 1960లో ప్రచురించిన నమూనా దీనికి ఆధారం. ప్రశ్నల కఠినతనూ పిల్లల సామర్థ్యాన్నీ ఒకే కొలబద్ద మీద గుర్తించవచ్చన్నది ఆ నమూనాలోని కీలకం: ఒక పిల్లవాడు ఒక ప్రశ్నకు సరైన జవాబు చెప్పే అవకాశం సరిగ్గా సగానికి సగం ఉంటే, ఆ ప్రశ్న స్థాయీ ఆ పిల్లవాడి స్థాయీ ఒకటే అన్నమాట. కంప్యూటర్ చేసే పనల్లా ఆ చోటును వెతకడమే. సరైన జవాబిస్తే తర్వాతి ప్రశ్న కఠినంగా వస్తుంది, తప్పు చేస్తే తేలికగా వస్తుంది, మూడో గ్రేడ్ పాప సరిగ్గా చేసుకుంటూ పోతే ఐదో గ్రేడ్ భిన్నాలు కూడా ఎదురవుతాయి. అందుకే ఎంత తెలివైన పిల్లలకైనా ఇంచుమించు సగం ప్రశ్నలు తప్పు పోతాయి. వందకు తొంభై తెచ్చుకోవడం అలవాటైన మన ఇళ్లలో ఈ సంగతి ఒక పట్టాన మింగుడుపడదు. పరీక్ష రాసి వచ్చి చాలా కష్టంగా ఉందని పాప అంటే పరీక్ష తన పని తాను చేసిందనే అర్థం.

కొలత ఏదైనా దోషం ఉంటుంది. ఇందులో ఒక్కొక్క స్కోరుకూ అటూ ఇటూ సుమారు మూడు పాయింట్ల దోషం ఉంటుంది. మీ రిపోర్టులో 203కి అటూ ఇటూ 200, 206 అని చిన్న అక్షరాల్లో కనిపించే అంకెలు ఆ పరిధివే. కాబట్టి 203 నుంచి 201కి రావడాన్ని తగ్గుదలగా లెక్కవేయకండి. అయితే నిజాయితీగా చెప్పాలంటే విషయం అంతటితో ముగియదు. రెండు స్కోర్ల దోషాలూ కలిసినప్పుడు వాటి మధ్య తేడా మీద ఉండే దోషం నాలుగు పాయింట్లకు కాస్త పైన ఉంటుంది. రెండు పాయింట్లు తగ్గినట్లు కనబడటానికి ఈ దోషం చాలు, రావలసిన ఏడెనిమిది పాయింట్లు అసలు రాకపోవడానికి మాత్రం ఇదొక్కటే కారణమని చెప్పడం కష్టం. ఇంకేదో ఉండి ఉండాలి.

అంచనా వృద్ధి అన్న గడిని మాత్రం లక్ష్యంగా చూడకండి. అదే గ్రేడులో, అదే స్కోరుతో మొదలుపెట్టి, అన్నే వారాలు బడికి వెళ్లిన పిల్లలు సగటున ఎంత పెరిగారో చెప్పే అంకె అది. సగటు కనుక దాదాపు సగం మంది పిల్లలు ఎప్పుడూ దానికి కిందే ఉంటారు. ఆ గడిలో టిక్కు లేనంత మాత్రాన పాప తప్పినట్టు కాదని మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ చెబుతూనే ఉంటాం, అయినా ముందు ఆ గడినే చూస్తారు.

ట్యూషన్ గురించి ఆలోచించే ముందు ఒక్క పని చేయండి. సెప్టెంబరులోనూ జనవరిలోనూ పాప గణితం పరీక్షను ఎన్ని నిమిషాల్లో ముగించిందో టీచరును అడగండి. ఈ పరీక్షకు గడువు ఉండదు గాని, మొదలుపెట్టిన దగ్గర నుంచి ముగించేదాకా పట్టిన సమయం రిపోర్టులో నమోదవుతుంది. ఇంటికి పంపే కాగితంలో అది లేకపోయినా టీచరు తన స్క్రీన్ మీద చూసి చెప్పగలరు.

షాంబర్గ్ నాన్న

టీచరు గారి వివరణ చాలా బాగుంది గాని, ఇలా ప్రశాంతంగా ఆలోచించడం అందరికీ కుదరదని చెప్పడానికే రాస్తున్నాను. మా స్కూల్ డిస్ట్రిక్టులో (ఈ ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థ) నాలుగో గ్రేడ్ నుంచి వేగవంతమైన గణితం తరగతి ఒకటి ఉంది. అందులో చేర్చుకోవడానికి చూసేవాటిలో మ్యాప్ గణితం పర్సెంటైల్ ముఖ్యమైనది, 95 దగ్గర గీత గీశారు. మూడు పాయింట్ల దోషమని మీరంటున్నారు, కాని ఆ గీత దగ్గర ఒక్క పాయింటుతో ఒక పిల్లవాడు లోపలికి వెళతాడు, ఇంకొకడు బయట నిలబడతాడు. మా రెండోవాడు అలా ఒక్క పర్సెంటైల్‌తో ఆగిపోయాడు. కొలతలో దోషం ఉందని తెలిసిన బడి, గీత దగ్గరకు వచ్చేసరికి ఆ దోషాన్ని ఎందుకు మరిచిపోతుంది?

అందువల్లే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మ్యాప్ ప్రాక్టీస్ ప్యాకేజీలు తిరుగుతుంటాయి. నేనూ ఒకటి కొన్నాను. దానివల్ల లాభం కలిగిందో లేదో చెప్పలేను గాని, గీత మీద పిల్లవాడి భవిష్యత్తు ఆధారపడిందనుకున్నప్పుడు ఏ తల్లీ తండ్రీ చేతులు ముడుచుకుని కూర్చోరు. అరోరా అమ్మగారూ, మీ డిస్ట్రిక్టులో ఈ స్కోరును దేనికి వాడుతున్నారో ముందు కనుక్కోండి. కేవలం టీచరు చూసుకోవడానికైతే టీచరు గారు చెప్పినట్టే నిదానించండి. ఏదైనా ఎంపికకు వాడుతుంటే మాత్రం స్ప్రింగ్ దాకా ఆగమనడం నాకు సబబుగా అనిపించదు.

టీచరు గారికి ఇంకో ప్రశ్న. మా పెద్దవాడికి ఏడో గ్రేడ్ ఫాల్‌లో 226 వస్తే ఎనిమిదో గ్రేడ్ ఫాల్‌లో 230 వచ్చింది. ఏడాది మొత్తానికి నాలుగే పాయింట్లు. ఇది కూడా నిలిచిపోవడమేనా?

అరోరా అమ్మ

టీచరు గారూ, మీరు చెప్పినట్టే అడిగి తెలుసుకున్నాను. సెప్టెంబరులో గణితం పరీక్షకు పాప 71 నిమిషాలు తీసుకుంది. జనవరిలో 26 నిమిషాల్లో ముగించేసింది. జనవరిలోనే మర్నాడు పొద్దున పెట్టిన రీడింగ్ పరీక్షకు మాత్రం గంటకు పైనే కూర్చుంది.

పాపను కోప్పడకుండా మెల్లగా అడిగితే అసలు విషయం బయటపడింది. గణితం పరీక్ష లంచ్ తర్వాత పెట్టారట, ముందుగా ముగించినవాళ్లు క్రోమ్‌బుక్‌లో ఆటలు ఆడుకోవచ్చని చెప్పారట. క్లాసులో అందరికంటే ముందు ముగించిన నలుగురిలో తనూ ఉన్నానని పాప గొప్పగా చెప్పింది. గుణకారం ప్రశ్నలు తేలికగానే ఉన్నాయట గాని, నంబర్ లైన్ మీద భిన్నాన్ని జరిపి సరైన చోట పెట్టమనే ప్రశ్నలు వస్తే తోచిన చోట పెట్టేసి ముందుకు వెళ్లానంది. రిపోర్టులో విభాగాల వారీగా చూస్తే సంక్రియలు, బీజగణిత ఆలోచన అన్న భాగం బాగానే ఉంది. సంఖ్యలు అన్న భాగమూ, కొలతలు, దత్తాంశం అన్న భాగమూ బాగా కిందికి ఉన్నాయి.

ఇప్పుడు నాకు ఇంకో సందేహం వచ్చింది. ఇరవై ఆరు నిమిషాల్లో రాసిన పరీక్షను అసలు లెక్కలోకి ఎలా తీసుకున్నారు?

లెక్కల టీచరు, ఒహాయో

నలభై పైచిలుకు ప్రశ్నలను మూడో గ్రేడ్ పాప ఇరవై ఆరు నిమిషాల్లో ముగించిందంటే, సగటున ఒక్కొక్క ప్రశ్న మీద నలభై సెకన్లు కూడా కూర్చోలేదన్నమాట. తనకు తెలిసిన గుణకారాలకు అది సరిపోతుంది. రెండు మూడు అంచెల్లో చేయవలసిన లెక్కలకు ప్రశ్న చదవడానికే అంత సమయం పడుతుంది.

మీ సందేహం న్యాయమైనదే. ప్రశ్నను చదివే వ్యవధి కూడా లేకుండా జవాబు నొక్కేస్తే కంప్యూటర్ దాన్ని ఊహించి పెట్టిన జవాబుగా గుర్తిస్తుంది, అలాంటివి పెరిగితే గదిలో పర్యవేక్షించే టీచరుకు హెచ్చరిక చూపిస్తుంది. ఊహించిన జవాబులు ఎంత శాతమో టీచరు చూసే రిపోర్టులో ఉంటుంది, అది కూడా అడగండి. అయితే మీ పాప లాంటి పిల్లలు ఆ వలలో పడరు. ప్రశ్నను చదువుతారు గాని కాగితం మీద లెక్క వేయరు, వేలితో బొమ్మ జరిపి ఇక చాలనుకుంటారు. యంత్రం దృష్టిలో అది నిజాయితీగా చేసిన తప్పే. ప్రశ్న తప్పితే తర్వాతిది తేలికగా వస్తుంది, తేలికది త్వరగా అయిపోతుంది, ఇలా మొత్తం పరీక్ష కిందికి దిగి అక్కడ స్థిరపడుతుంది. ఒకసారి ముందుకు వెళ్లాక వెనక్కి వచ్చి దిద్దుకునే వీలు కూడా ఈ పరీక్షలో లేదు.

నేను దీన్నిబట్టి చెప్పేదేమిటంటే, మీ పాప 201 స్కోరులో కొంత ఆటల తొందర, కొంత భిన్నాల మీద నిజంగానే పట్టు లేకపోవడం కలిసి ఉన్నాయి. ఏది ఎంతో ఈ ఒక్క స్కోరు విడదీసి చెప్పలేదు. ఇంట్లో మాత్రం తేలికగా తెలుసుకోవచ్చు. కాగితం మీద సున్నా నుంచి రెండు వరకు గీత గీసి, నాలుగింట మూడు వంతులు ఎక్కడ, నాలుగింట ఐదు వంతులు ఎక్కడ అని పెట్టమనండి. మొదటిది సరిగ్గా పెట్టి, రెండోది ఒకటికి ముందే పెట్టిందంటే భిన్నం ఒకటి కంటే పెద్దది కావచ్చన్న ఊహ పాపకు ఇంకా కలగలేదన్నమాట. ఎక్కాలు ఎంత బాగా వచ్చినా ఈ లోటు వాటితో తీరదు. వంటింట్లో కొలత కప్పులతో వారం పది రోజులు కూర్చుంటే అది సర్దుకుంటుంది. దీనికి ట్యూషన్ దాకా వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం.

షాంబర్గ్ నాన్న గారూ, మీ పెద్దబ్బాయి నిలిచిపోలేదు. అవే 2020 పట్టికల్లో ఏడో గ్రేడ్ ఫాల్ గణితం సగటు 220.2, ఎనిమిదో గ్రేడ్ ఫాల్ సగటు 224.9. దేశం మొత్తం మీద సగటు పిల్లవాడు ఆ వయసులో ఏడాదికి ఐదు పాయింట్లు కూడా పెరగడు. మూడో గ్రేడ్ ఫాల్ నుంచి నాలుగో గ్రేడ్ ఫాల్‌కు మాత్రం 188.5 నుంచి 199.6కి, అంటే పదకొండు పాయింట్లు పెరుగుతారు. వయసు పెరిగేకొద్దీ ఎదుగుదల తగ్గుతుంది, కొలత దోషం మాత్రం అంతే ఉంటుంది. అందుకే ఎనిమిదో గ్రేడ్‌లో ఒక సెమిస్టరు వృద్ధిని చూసి ఏదైనా తేల్చడం నా దృష్టిలో అనవసరపు శ్రమ. ఇంకో సంగతి, వేసవి సెలవుల్లో సగటు స్కోరు తగ్గుతుంది కూడా: మూడో గ్రేడ్ చివర 201 ఉన్నది నాలుగో గ్రేడ్ మొదట్లో 199.6 అవుతుంది. ఫాల్‌ను ఫాల్‌తో పోల్చుకుంటే ఈ చిక్కులు చాలావరకు తప్పుతాయి.

గీత గురించి మీరన్నదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పెరుగుదలను చూసుకోవడానికి పుట్టిన పరీక్ష ఇది. 1977లో ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల బడుల వాళ్లు కలిసి ఈ సంస్థను ఏర్పాటు చేసుకున్నది పిల్లల ఎదుగుదలను టీచర్లు సరిగ్గా గమనించాలనే. దాన్ని ఎంపికకూ, టీచర్ల మదింపుకూ, బడుల ర్యాంకులకూ వాడటం మొదలయ్యాక పరీక్ష గదిలో జరిగేవే మారిపోతాయి. దీనికి ఉదాహరణ మీ పక్కనే ఉంది. షికాగో పబ్లిక్ స్కూళ్లలో ఈ స్కోర్లను టీచర్ల, ప్రిన్సిపాళ్ల మదింపులోనూ, బడుల రేటింగులోనూ, పేరున్న హైస్కూళ్ల ప్రవేశాల్లోనూ వాడేవారు. పిల్లలు దేశ సగటు కంటే అసాధారణంగా ఎక్కువ సమయం తీసుకుంటున్నారనీ, పరీక్షను మధ్యలో ఆపిన సందర్భాలు కూడా ఎక్కువగా ఉన్నాయనీ ఆ డిస్ట్రిక్టులో అక్రమాలను విచారించే అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ 2020లో నివేదిక ఇచ్చారు. అరోరా అమ్మగారి పాప తొందరపడి ముగించింది, అక్కడ గడువు లేకపోవడాన్ని అదనుగా సాగదీశారన్న అనుమానం వచ్చింది. అంతకు ముందు 2013లో సియాటిల్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్ టీచర్లు ఈ పరీక్షను పెట్టబోమని బహిష్కరించారు. తాము చెప్పే పాఠాలకూ పరీక్షకూ పొంతన లేదన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. ఆ వేసవి లోపే హైస్కూళ్లు కావాలంటే దీన్ని మానుకోవచ్చని డిస్ట్రిక్టు ఒప్పుకుంది. ఎన్‌డబ్ల్యూఈఏ 2023 నుంచి హౌటన్ మిఫ్లిన్ హార్కోర్ట్ చేతిలో ఉంది. పాఠ్యపుస్తకాలు అమ్మే కంపెనీయే కొలబద్దనూ అమ్మడం నాకు అంతగా రుచించదు, అది వేరే చర్చ.

ప్రాక్టీస్ ప్యాకేజీల గురించి ఒక్క మాట. ఈ పరీక్ష ప్రశ్నల నిధి చాలా పెద్దది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలకు కూడా ఒకే ప్రశ్నల వరుస రాదు. ప్రశ్న రూపం, మౌస్‌తో జరపడం వంటివాటికి అలవాటు పడటానికి సంస్థవారే ఉచితంగా పెట్టిన నమూనా పరీక్ష చాలు. అంతకు మించి డబ్బు పెట్టి కొనేది మామూలు లెక్కల పుస్తకమే, మీద మ్యాప్ అని ముద్ర ఉంటుంది. ఆ లెక్కలు చేస్తే పిల్లలకు మేలే, కాని ధర ముద్రకు కడుతున్నారు.

మీ రెండోవాడి విషయంలో మీరు చేయగలిగినది ఒకటి ఉంది. ఇల్లినాయ్‌లో 2018 జూలై నుంచి అమలులో ఉన్న యాక్సిలరేటెడ్ ప్లేస్‌మెంట్ చట్టం ప్రకారం, పిల్లలను ముందు తరగతికి గాని, ఒక సబ్జెక్టులో పై స్థాయికి గాని పంపే నిర్ణయం ఒక్క కొలత మీద ఆధారపడకూడదు, నమ్మదగిన కొలతలు ఒకటికి మించి చూడాలి. తల్లిదండ్రులే తమ పిల్లవాడి పేరును పరిశీలనకు పంపే వీలు కూడా అందులో ఉంది. మీ డిస్ట్రిక్టు విధానపత్రాన్ని అడిగి తీసుకుని, మిగతా కొలతలేమిటో లిఖితపూర్వకంగా చెప్పమని అడగండి. ఒక పర్సెంటైల్ కోసం పిల్లవాడిని ఇంకో ఏడాది ప్యాకేజీల ముందు కూర్చోబెట్టడం కంటే ఆ ఉత్తరానికే ఫలితం ఎక్కువ.

బడి పంతులు, సిద్దిపేట జిల్లా

మా అమ్మాయి అక్కడే డల్లస్ దగ్గర ఉంటుంది, తను పంపితే ఈ చర్చ చదివాను. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మీ పరీక్షలో నాకు నచ్చిన సంగతి, ఎప్పుడు కొలిచినా ఒకే కొలబద్దతో కొలవడం. మా బడుల్లో మధ్యమధ్య పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్) పరీక్షలూ, టర్ము చివర పెట్టే ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలూ అలాంటివి కావు. ఎఫ్ఏ-1 ప్రశ్నపత్రం వేరు, ఎస్ఏ-1 ప్రశ్నపత్రం వేరు, వాటి సిలబసూ కఠినతా వేరు. ఒకసారి మూరతోనూ ఇంకోసారి జానతోనూ కొలిచి బట్ట పెరిగిందో తగ్గిందో తేల్చినట్టు ఉంటుంది. ఎఫ్ఏలో పదిహేను వచ్చినవాడికి తర్వాతి ఎఫ్ఏలో పన్నెండు వస్తే వాడు వెనకబడ్డాడా, పేపరు కష్టంగా వచ్చిందా అన్నది మార్కుల జాబితా చూసి ఎవరూ చెప్పలేరు.

ఎదుగుదల కనిపించేది మాకు వేరే చోట. 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థవారు గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వేలో ఒక చిన్న సాధనం ఉంది. చదవడంలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నోటితో అడిగేది కనుక ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే పడుతుంది. మా రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు అనే చదువు, లెక్కల పునాది కార్యక్రమం మొదలైనప్పటి నుంచి మేము కూడా పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి బోధించడం అలవాటు చేసుకున్నాం. మా నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు జూన్‌లో పదాల దగ్గర తడబడేవాడు, డిసెంబరుకు పేరా చదివేస్తున్నాడు. ఎస్ఏ-1లో వాడికి వచ్చిన గ్రేడు మాత్రం సీ. వాళ్ల నాన్నకు ప్రోగ్రెస్ కార్డు చూపిస్తే ముఖం చిన్నబుచ్చుకున్నాడు, పిల్లవాడిచేత ఆయన ముందే పేరా చదివించాక గాని సమాధానపడలేదు.

మెట్లతో ఒక ఇబ్బంది ఉంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఎక్కువ, మధ్యలో జరిగే చిన్న ఎదుగుదల అందులో కనబడదు. మీ రిట్ స్కోరులో ఆ సన్నని తేడాలూ కనబడతాయి, కాని మూడు పాయింట్ల దోషంలో అవి సగం మునిగిపోతాయని ఇప్పుడు మీరే చెప్పారు. ఇక పరీక్ష గదిలో జరిగేవి మారిపోతాయని టీచరు గారన్నది ఎక్కడైనా అంతే. మెట్ల పట్టిక టీచరు చేతిలో ఉన్నంతవరకు అందులో నిజం ఉంటుంది. అది పైస్థాయి సమీక్షకు వెళుతుందని తెలిశాక పిల్లలందరూ ఒకే నెలలో కథ చదివేస్తారు.

షాంబర్గ్ నాన్న

పంతులు గారి చివరి వాక్యం మా డిస్ట్రిక్టు బోర్డు మీటింగులో చదివి వినిపించాలని ఉంది. టీచరు గారూ, ఆ చట్టం సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలు. విధానపత్రం ఈ రోజే అడిగాను. ప్యాకేజీ మీద మీరన్నదానితో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. మావాడికి మౌస్‌తో కోణాలు తిప్పే ప్రశ్నలంటే భయం ఉండేది, ఆ ప్యాకేజీ వల్లే అది పోయింది. ఉచిత నమూనా పరీక్ష ఉందని అప్పట్లో ఎవరూ చెప్పకపోవడం వేరే సంగతి.

అరోరా అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. నంబర్ లైన్ గీసి పెట్టమన్నాను. నాలుగింట ఐదు వంతులను పాప సరిగ్గా ఒకటి మీదే పెట్టింది. ఎందుకని అడిగితే, భిన్నం అంటే ముక్క కాబట్టి ఒకటిని దాటకూడదని చెప్పింది. టీచరు గారు ఊహించింది దాదాపుగా అదే. ట్యూషన్ ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాం, మా వారిని ఒప్పించడానికి ఈ చర్చ మొత్తం చదివించాను. మా డిస్ట్రిక్టులో మూడో గ్రేడ్ స్కోరును ఏ ఎంపికకూ వాడరని కూడా తెలిసింది.

ఒక్క విషయం మిగిలింది. జనవరి పరీక్షను మళ్లీ రాయించమని అడిగితే, ఈ విడత గడువు ముగిసిందని బడివారు చెప్పారు. గట్టిగా అడగాలా, వదిలేయాలా?

లెక్కల టీచరు, ఒహాయో

వదిలేయండి. సమయం బాగా తగ్గి, స్కోరు కూడా తగ్గినప్పుడు మళ్లీ రాయించే వెసులుబాటు బడికి ఉంటుంది గాని అది గడువు లోపల చేయాలి. ఇప్పుడు రాసినా స్ప్రింగ్ పరీక్షకు ఎక్కువ వారాలు ఉండవు. దానికి బదులు టీచరుకు మెయిల్ పెట్టి రెండు సంగతులు అడగండి: స్ప్రింగ్‌లో గణితం పరీక్షను పొద్దున పూట పెట్టగలరా, ముందుగా ముగించినవారికి ఆటలకు బదులు పుస్తకం ఇవ్వగలరా అని. రెండోది మీ పాపకే కాదు, ఆ మిగతా ముగ్గురికీ పనికొస్తుంది. మే నెలలో రిపోర్టు వచ్చినప్పుడు స్కోరు కంటే ముందు నిమిషాలు చూడండి. గంటకు అటూ ఇటూగా ఉంటే ఆ స్కోరును 201తో కాక సెప్టెంబరులోని 203తో పోల్చుకోండి. ఫాల్ నుంచి స్ప్రింగ్‌కు మూడో గ్రేడ్ సగటు వృద్ధి పన్నెండున్నర పాయింట్లు. 210 దాటితే నిశ్చింతగా ఉండండి, దాటకపోతే సంఖ్యల విభాగం స్కోరుతో సహా ఇక్కడ రాయండి, చూద్దాం.